తిరుపాలమ్మ రుచి చూడనిది

షాహీదాబీ మెట్లెక్కి వచ్చేసరికి ఆనందయ్య టీ తాగుతున్నాడు. ప్రొద్దుటూరు బట్టల అంగళ్ల వీధిలో, ఒక చీరల కొట్టు మీదున్న ఒంటిగదే ఆయన ఆఫీసు. దొంగ సాక్ష్యం రాయమన్నందుకు పోలీసు ఉద్యోగాన్ని అధికారి మొహాన కొట్టి వచ్చిన మనిషి. పోలీసులకు చెప్పుకోలేని వాళ్లంతా ఆ మెట్లే ఎక్కుతారు.

స్టూలు మీద కూర్చుని పేపరు తిరగేస్తున్న కమాల్ బాషా లేచి ఆమెకు చోటిచ్చాడు. కువైట్‌లో పదేళ్లు డ్రైవరు పని చేసి వచ్చిన కమాల్, ఇప్పుడు ఆనందయ్య స్కూటరు నడుపుతున్నాడు. కడపకూ కర్నూలుకూ మధ్య ఆయనంత బుర్ర ఇంకొకటి లేదని అతని నమ్మకం. ఆ మాట టీ అంగళ్లలో చెప్పొద్దని ఆనందయ్య ఎన్నిసార్లు మొత్తుకున్నా వింటే కదా.

"సారూ, నా బిడ్డను సంపుతారంట" అంది షాహీదాబీ, కూర్చోకుండానే.

"ఎవరమ్మా?"

"వేమారెడ్డి మనుషులు. మా వాకిట్లోనే కూర్చోనుండారు. నీళ్లకు కూడా బయటికి పోనియ్యడంల్యా. గోడ దూకి వచ్చినా."

వేమారెడ్డి పేరు వినగానే కమాల్ పోయి తలుపు దగ్గరగా వేశాడు. జమ్మలమడుగు చుట్టుపక్కల ఊళ్లలో ఆయన మాట లేనిదే ఓటు పడదు, పంట కోతకు రాదు. తొంభై అయిదో సంవత్సరం ఎన్నికల వేడి ఇంకా చల్లారలేదు. ఆయన ఒక్కగానొక్క కొడుకు సుధీర్ ఆదివారం నాడు చచ్చిపోయాడు. బాంబు తగిలీ కాదు, కత్తిపోటు వల్లా కాదు. దేవపాలు సారు దగ్గర ఇంటర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్షకు తయారవుతూ, గాజు గొట్టం నోట్లో పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే కూలిపోయాడు. సైనైడ్ అని డాక్టర్లు తేల్చారు.

"మా మున్నీ వాని పక్కనే నిలబడి ఉండిందంట. మా ఆయన అమీర్ బాషా బంగారానికి మెరుగు పెడతాడు గదా సారూ, ఇంట్లో సైనైడ్ ఉంటాది. అవతలి పార్టీ వాళ్లు దుడ్లిచ్చి చేయించినారు అంటాండాడు రెడ్డి. రేపు సాయంత్రానికి పోలీసులు తేల్చకపోతే నేనే తేలుస్తా అన్నాడంట."

"మున్నీ ఏమంటాంది?"

"ఏమీ అనదు. పుస్తకం ముందర పెట్టుకోని కూర్చుంటాది. పేజీ తిప్పదు."

ఆనందయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. "కమాలూ, బండి తియ్యి."

దేవపాలు సారు ఇంటి వెనక రేకుల షెడ్డే ఆయన లేబొరేటరీ. కాలేజీలో లెక్చరరుగా రిటైరైన తర్వాత, ఆదివారాల్లో పిల్లలకు ప్రాక్టికల్స్ చేయించేవాడు. కాలేజీల్లో ప్రాక్టికల్స్ పేరుకే జరిగే రోజులు కాబట్టి, మార్కులు కావాలనుకున్న పిల్లలంతా ఆ షెడ్డుకు రావలసిందే. ఇప్పుడు ఆ పెద్దమనిషి గడప మీద కూలబడి, ఎవరేమడిగినా తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటున్నాడు.

షెడ్డులో నల్లటి కడప నాపరాళ్లు పరిచిన బల్లలు, గోడకు బాటిళ్ల అర, ఆ అర వెనక చిన్న కిటికీ ఉన్నాయి. లోపల ఒక మూల గోడకానుకుని ముప్పై అయిదేళ్ల మనిషి నిలబడి ఉన్నాడు. తెల్ల చొక్కా, నిద్ర లేని కళ్లు. వేమారెడ్డి బావమరిది మద్దిలేటి. చనిపోయిన పిల్లవాడికి సొంత మేనమామ.

"బావ సూసిరమ్మన్నాడు" అన్నాడతను. "మీరు ఆ బీబీల తరఫున వచ్చినారంట గదా."

"నిజం తరఫున వచ్చినా" అని ఆనందయ్య దేవపాలు వైపు తిరిగాడు. "సార్, ఆ గొట్టం సంగతి నాకు అర్థమయ్యేట్టు చెప్పండి."

"పిపెట్ అంటారయ్యా దాన్ని. ఒక కొస ద్రావణంలో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని గీత దాకా పీల్చాలి. పీల్చి, వేలితో మూసి, ఫ్లాస్కులోకి వదలాలి. ఏ కాలేజీలో అయినా అంతే. కొంచెం ఎక్కువ పీలిస్తే నోట్లోకే వస్తుంది. వాళ్లకిచ్చేది బాగా నీళ్లు కలిపిన ఆసిడ్డే కాబట్టి పుక్కిలించి ఊసేస్తారు. నేనూ అట్లే నేర్చుకున్నా."

"ఆ బాటిళ్లు ఎవరు నింపినారు?"

"నేనే. శనివారం సాయంత్రం ఒక్కొక్కరి పేరు అంటించి, ఆసిడ్ పోసి, తాళం వేసినా. పోసింది ఆసిడ్డేనయ్యా. నా చేతులతో నేను పోసింది నాకు తెలీదా?"

ఆనందయ్య అర వెనక్కి వెళ్లి కిటికీ లోంచి తొంగి చూశాడు. తర్వాత కమాల్‌ను పిలిచి చూపించాడు. కిటికీ కింద బయట పరిచిన నల్లరాతి మీద, చాటంత మేర తెల్లగా పాలిపోయి ఉంది. తక్కిన రాయంతా నల్లగా నిగనిగలాడుతోంది.

"అయ్యో, ఎవరు పోసినారు ఇక్కడ?" అన్నాడు దేవపాలు. "మన నాపరాయి మీద ఆసిడ్ పడితే పొంగి తెల్లబారిపోతుంది. నేను ఎప్పుడూ మూల తొట్లోనే పారబోస్తా. శనివారం పొద్దున మా ఆవిడ ఈ బండలన్నీ కడిగింది, అప్పుడు లేదయ్యా ఇది."

ఈలోగా కమాల్ చేతులు ఊరికే ఉండక, అరలోంచి ఒక పెద్ద సీసా తీసి మూత తిప్పబోయాడు. దాని మీద హెచ్.సి.ఎల్ అని మూడు ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఇంకేమీ లేవు.

"అది కింద పెట్టప్పా" అన్నాడు మద్దిలేటి మూల నుంచి. "ఉదహరికామ్లం. మీద పడితే గుడ్డలు కాలిపోతాయి."

కమాల్ సీసాను చంటిబిడ్డను దించినట్టు దించాడు. ఆనందయ్య మాత్రం ఏమీ విననట్టు చొక్కా చేతికంటిన దుమ్ము దులుపుకున్నాడు.

"మీరు ఎంతవరకు సదువుకున్నారు మద్దిలేటి?"

"నాకు సదువెక్కడిదప్పా. బర్రెల వెనకాల తిరిగినోన్ని."

"ఆదివారం ఈడికి ఎవరెవరు వచ్చినారు?"

"నేనూ, మా అక్కా, పిల్లోడూ, ఇద్దరు మనుషులు. ప్రతివారం మాదిరే అందర్నీ బయట నిలబెట్టి నేనొక్కన్నే లోపలికి పోయి బల్లలూ అరలూ ఎతికినా. బాంబుంటే నేనొక్కన్నే పోవాల గదా. ఏమీ లేదని చెప్పి పులివెందులకు పోయినా, మర్నాడు కోర్టు వాయిదా ఉంటే లాయరును కలవాల. పిల్లోడు పోయినాడని ఆడికే కబురొచ్చింది."

దేవపాలు తలూపాడు. ఆ మనిషి లోపల వెతికి వచ్చిన తర్వాతే పిల్లలను పంపేవారట. పంపేముందు మగపిల్లలను మనుషులు తడిమి చూసేవారట. మున్నీని సుధీర్ తల్లి తిరుపాలమ్మే తడిమి చూసేదట, జడతో సహా.

ఆ మధ్యాహ్నమే ఆనందయ్యా కమాలూ జమ్మలమడుగు పక్కనున్న రెడ్డి ఊరికి వెళ్లారు. తిరుపాలమ్మ నట్టింట్లో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. ఏడవడం అయిపోయిన మొహం. 

"అమ్మా, మీరు ప్రతి ఆదివారం కొడుకుతో పోయేవారా?"

"పోయేదాన్ని. వసారాలో కూర్చునేదాన్ని. క్యారియర్ విప్పి, ముందు నేను ఒక ముద్ద తిని, కాసేపు చూసి వానికి పెట్టేదాన్ని. మా మామకు మజ్జిగలో మందు పెట్టి చంపినారు సారూ. ఆ పొద్దు నుంచి ఈ ఇంట్లో అంతే. వాడు తాగే నీళ్లు కూడా నా నోట్లో పడకుండా వాని నోట్లో పడవు."

"ఈ సంగతి ఎవరెవరికి తెల్సు?"

"అందరికీ తెల్సు. పిల్లోల్లు ఎగతాళి కూడా చేసేవాళ్లు." ఆమె కొంగు వేలికి చుట్టుకుంది. "ఆ గొట్టం నోట్లో పెట్టుకుంటారని నాకెవరూ చెప్పలేదు. చెప్పింటే దాన్ని కూడా చూసిందును."

తిరుగుదారిలో ఆనందయ్య ప్రొద్దుటూరు పొలిమేరలో బండి ఆపించి, "నన్ను మున్నీ దగ్గర దింపి, నువ్వు పులివెందులకు పో. మద్దిలేటి చిన్నప్పుడు బర్రెలు తోలినాడో, ఇంకేమన్నా చేసినాడో కనుక్కోనిరా" అన్నాడు.

ఎందుకని అడిగితే చెప్పడని తెలిసి కమాల్ బండి తీశాడు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ దేవపాలు షెడ్డులో చేరారు. సర్కిల్ ఇన్‌స్పెక్టరును ఆనందయ్యే పిలిపించాడు. పక్కన వేమారెడ్డి, ఆయన వెనక తిరుపాలమ్మ, గుమ్మంలో మద్దిలేటి. అమీర్ బాషా దంపతుల మధ్య మున్నీ తలొంచుకుని నిలబడింది. బయట రెడ్డి మనుషుల రెండు జీపులు. ఆనందయ్య లెక్క తప్పితే ఆ పిల్ల ఈ షెడ్డు దాటి బతికిపోదని కమాల్‌కు తెలుసు. 

"చెప్పు ఆనందయ్యా" అన్నాడు వేమారెడ్డి. "నా కొడుకును ఎవరు తిన్నారు?"

"ముందు ఎవరు కాదో చెప్తా. దేవపాలు సారు కాదు. ఆయన విషం పెట్టాలనుకుంటే శనివారమే బాటిల్లో అదే పోసుండు. కానీ ఆ బాటిల్లో మొదట ఆసిడ్ ఉండింది. ఎవరో దాన్ని ఆ కిటికీలోంచి పారబోసి, సైనైడ్ నీళ్లు నింపినారు. బయట రాయి తెల్లబారింది అందుకే. ఈ సారు ఆసిడ్‌ను రాతి మీద పోసే మనిషి కాదు."

"మరి ఈ పిల్ల?"

"ఈ పిల్ల లోపలికి వచ్చేముందు మీ భార్యే జడ కూడా విప్పి చూసింది. ఇంట్లో సైనైడ్ ఉంటే ప్రొద్దుటూరులో మెరుగు పెట్టేవాళ్లందరినీ ఉరి తియ్యాల. పిల్లలెవరూ ఆ అర వెనక్కి పోయి పారబోసేంత సేపు కనపడకుండా లేరు. శనివారం తాళం పడినంక, ఆదివారం పిల్లలు అడుగుపెట్టేలోగా, ఈ షెడ్డులో ఒంటరిగా ఉన్నది ఒక్కడే. వెతికేవాన్ని వెతికేవాళ్లు ఎవరూ లేరు."

అందరి తలలూ గుమ్మం వైపు తిరిగాయి. మద్దిలేటి నవ్వబోయాడు.

"నాకా గొట్టాల సంగతి ఏం తెల్సప్పా, సదువు రానోన్ని."

"నిన్న మా కమాల్ చేతిలో సీసా చూసి ఉదహరికామ్లం అన్నావు. దాని మీద ఉన్నది మూడు ఇంగ్లీషు అక్షరాలే. దేవపాలు సార్, ఇప్పటి పిల్లలు దాన్నేమంటారు?"

"హెచ్.సి.ఎల్ అంటారు. లేదంటే హైడ్రోక్లోరిక్ ఆసిడ్" అన్నాడు దేవపాలు మెల్లగా. "ఉదహరికామ్లం పాత తెలుగు పుస్తకాల మాట. అప్పట్లో తెలుగు మీడియం సైన్సు చదివినవాళ్లు తప్ప ఎవరూ అనరు."

"పులివెందులలో ఇంటర్ సైన్సు చదివినాడు సార్" అన్నాడు కమాల్. "రెండో సంవత్సరం పరీక్షల ముందు బావ మీద పడిన కేసు తన నెత్తినేసుకుని జైలుకు పోయినాడు. పరీక్ష రాయలేదు."

వేమారెడ్డి బావమరిది మీది నుంచి చూపు తిప్పుకున్నాడు.

"ఇంకొకటుంది" అన్నాడు ఆనందయ్య. "క్యారియర్ ప్రతివారం జీపులో ఈయన పక్కనే ఉంటాది. విషం దాంట్లో కలపడం చిటికెలో పని. అవతలి పార్టీవాడైతే అదే చేసుండు. తల్లి కూడా చచ్చిపోతే వాళ్లకు పండగే. కానీ ఈ హంతకునికి పిల్లోడు మాత్రమే చావాల, రుచి చూసే మనిషి బతకాల. అందుకే ఆమె నోట్లో పడకుండా వాని నోట్లోకి పోయే వస్తువు కోసం ఎతికినాడు. తిరుపాలమ్మను అంతగా ప్రేమించే మనిషి చంపగలిగినవాళ్లలో ఒక్కడే ఉండాడు."

వేమారెడ్డి చెయ్యి చొక్కా కిందికి పోయింది. సర్కిల్ ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. షాహీదాబీ కూతుర్ని దగ్గరికి లాక్కుని, మొహం కొంగుతో కప్పేసింది.

మద్దిలేటి ఇక కాదనలేదు. "జైల్లో కూర్చున్నది నేను బావా. కాళ్లు ఇరగ్గొట్టించుకున్నది నేను. నీ తర్వాత నేనే అన్నావు. మొన్న మీటింగులో అంతమంది ముందర, నా తర్వాత నా కొడుకే అంటివి."

"వాడు నీ కుర్చీ దగ్గరికి కూడా వచ్చేవాడు కాదు మామా" అంది మున్నీ. ఆ రోజు ఆమె మాట్లాడిన మొదటి మాట అదే. "కర్నూల్లో మెడిసిన్‌కు పోతానని, ఇంగ ఊరికి రానని చెప్తాండె. అందుకే అంత కష్టపడి చదువుతాండె."

మద్దిలేటి మోకాళ్ల మీద కూలిపోయి అక్క కాళ్ల దగ్గరికి జరిగాడు. కానిస్టేబుళ్లు రెక్కలు పట్టుకున్నా విదిలించుకుని ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకున్నాడు.

"అక్కా, నీకేమన్నా అవుతాదనే అన్నంలో కలపలేదు. నిన్ను నేను ఎట్ల చంపుకుంటా అక్కా."

తిరుపాలమ్మ వంగి, చిన్నప్పుడు ఎత్తుకు పెంచిన తమ్ముడి వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, కుచ్చిళ్లు సర్దుకుంది.

"అన్నంలోనే కలపాల్సిండె గదరా" అంది. "నేను పోయి, నా బిడ్డ మిగిలుండు."