ఆఖరి చేయి

2079 నాటికి అరకు ఘాట్ రోడ్డు పొడవునా బండ్లు ఆగిపోయి ఉండేవి. పెద్ద రోగాలేమీ కావు. ఒకదానికి ప్లగ్గు, ఇంకొకదానికి పైపు. బాగుచేయడం తెలిసినవాళ్లకూ కొదవ లేదు, ముట్టుకునేవాడే లేడు. ఆ వరుసలో రెండు అంబులెన్సులు కూడా ఉన్నాయి.

ఈ దరిద్రానికంతటికీ కారణం డాక్టర్ మందాకిని కనిపెట్టిన హస్తసాక్షి. ఇంజనులోని ప్రతి బోల్టులో, ప్రతి నట్టులో ఇసుకరేణువంత సెన్సర్ ఉంటుంది. దాన్ని చివరిసారి తిప్పిన చేతి ఒత్తిడినీ చెమటనీ అది గుర్తుపెట్టుకుంటుంది. తొడుగు వేసుకుంటే బోల్టు తిరగనే తిరగదు. తర్వాత బండికి ఏ ప్రమాదం జరిగినా జైలుకు పోయేది ఆ ఆఖరి చేయే. ఏ మెకానిక్ దగ్గరికి వెళ్లినా "ఇంతకుముందు దీన్లో ఎవడు చెయ్యి పెట్టాడు?" అంటూ ముందటివాణ్ణి తిట్టడమే. అది విని విని ఒళ్లు మండి ఆమె చేసిన యంత్రం ఇది. మెకానిక్కులంతా దొంగలని ఆమె గట్టి నమ్మకం.

ఇప్పుడు ఆమె కారే ఎత్తు మీద మూలిగి ఆగిపోయింది. వెనక సీట్లో ఆరేళ్ల కూతురు ఉదిత ఉబ్బసంతో ఎగరొప్పుతోంది. పీల్చే మందు అయిపోయింది. ఆసుపత్రి ఇంకా పద్దెనిమిది కిలోమీటర్లు.

రోడ్డు పక్క షెడ్డులోంచి మెకానిక్ పైడయ్య వచ్చాడు. డ్రైవర్ లోవరాజు చేత ఒకసారి స్టార్ట్ చేయించి, తల వంచి విన్నాడు.

"పంపు తిరుగుతంది. ఇంజనుకి ఇథనాల్ అందట్లేదు. ఫిల్టర్ మూసుకుపోనాది. పది నిమిషాల పని."

"అయితే చెయ్యి!"

"నాను ముట్టను. మీరెవరో నాకు తెలుసు. కోర్టులో మమ్మల్ని దొంగలన్నారు కదా."

"పాప చచ్చిపోతుందయ్యా!"

"మా తమ్ముడు జైల్లో మూడేళ్లుగా ఉన్నాడు. పైపు కొరికింది ఎలక. ఆఖరి చెయ్యి మాత్రం ఆడిదే." అతని గొంతులో జాలి లేదు. "కొత్త ఫిల్టరిస్తాను, స్పానరిస్తాను. ఎలాగో చెప్తాను. చెయ్యి మాత్రం మీదే."

మందాకినికి వాణ్ణి చంపేయాలనిపించింది. అయినా స్పానర్ లాక్కుంది. యంత్రాలు గీయడమే తప్ప ఏనాడూ విప్పిన మనిషి కాదు. పైడయ్య దూరంగా నిలబడి విసుక్కుంటూ చెప్పాడు, ఆమె పళ్లు నూరుతూ చేసింది. ఇథనాల్ మోచేతుల దాకా కారింది. పాత ఫిల్టర్ ఊడింది, కొత్తది కూర్చుంది. ఇక పైపు నట్టు ఒక్కటే మిగిలింది.

"అది సరిగ్గా బిగించాల. వదులైతే వేడి ఇంజను మీద కారి బండి అంటుకుంటాది," అన్నాడు పైడయ్య.

మందాకిని చేయి ఆగింది. ఎంత బిగిస్తే సరి? రేపు ఇది కారితే? తన యంత్రం తననే జైలుకు పంపితే? వెనక పాప గొంతులో పిల్లికూతలు వినబడుతూనే ఉన్నాయి.

ఆమె స్పానర్‌ను లోవరాజు చేతిలో పెట్టింది.

"నాకు బలం చాలట్లేదు. నువ్వు బిగించు."

లోవరాజు ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత పాపను చూశాడు. వంగి బిగించాడు. డాష్‌బోర్డు మీద అక్షరాలు వెలిగాయి: ఆఖరి చేయి, లోవరాజు.

ఇంజను వెంటనే అందుకుంది. మందాకిని ఎక్కి తలుపు వేసుకోబోతుంటే పైడయ్య డాష్‌బోర్డు మీది పేరు చూసి మొదటిసారి నవ్వాడు.

"మా పని మొత్తం వచ్చీసినాదమ్మా మీకు."