మరీనో అని పిలిస్తే

బెలేం రేవు సంతలో పాములమ్మే ముసలి సెవెరో చేత బుట్టలన్నిటి మూతలూ తీయించింది దొమింగాస్. ఎలుకలు ఆమెను అంతగా విసిగించాయి. కర్రపెండలం పిండి బస్తాను ఎంత ఎత్తున కట్టినా ముందు అవే రుచి చూస్తున్నాయి. వాగు మీద కర్రల ఇళ్ళలో ఉండేవాళ్ళు పిల్లిని నమ్ముకోరు, జిబోయాని తెచ్చుకుంటారు. మనిషి జోలికి రాని కొండచిలువ అది. దూలాల మీద పడుకుని ఎలుకల సంగతి చూసుకుంటుంది.

"లావుగా ఉందని మురిసిపోకమ్మా, చెయ్యి పెట్టి చూడు. అట్లా బిగించి పట్టుకుంటేనే ఒంట్లో సత్తువ ఉన్నట్టు. కళ్ళు తెల్లబడితే కుబుసం విడుస్తుందన్నమాట, అప్పుడు ముట్టుకోకు. తిన్నాక కదిలించకు. వెడల్పాటి తొట్టిలో నీళ్ళు పెట్టు, చాలు."

"ఇంతేనా? మా ఆయనకి ఇంతకు పదింతలు చాకిరీ చేశాను."

ముసలాడు నవ్వాడు. బుట్ట మూత కడుతూ గొంతు తగ్గించాడు.

"పేరు మాత్రం పెట్టకు తల్లీ. పేరుంటే పిలవాలనిపిస్తుంది. వాగు మీద ఇల్లాయె... పిలిస్తే ఎవరో ఒకరు పలుకుతారు."

ఆమె ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. తోక చివర తెగి మొండిగా ఉన్న పామును ఎంచుకుంది. తనలాగే అదీ ఏదో పోగొట్టుకుందని జాలిపడింది.

కిందటి వానల్లో పడవ బోల్తాపడి ఆమె భర్త ఒస్మారీనో పోయాడు, ఆమె ముద్దుగా మరీనో అని పిలిచేది. శవం దొరకలేదు. నీళ్ళలో పోయి దొరకనివాళ్ళందరికీ చేసినట్టే సొరబుర్ర చిప్పలో కొవ్వొత్తి వెలిగించి వాగులో వదిలారు. అది ఎక్కడ ఆగితే మనిషి అక్కడున్నట్టు. చిప్ప వాగు మొగదాకా పోయి, వెనక్కి తిరిగి, సరిగ్గా ఆమె ఇంటి కిందికే వచ్చి ఆగింది. మగవాళ్ళు మునిగి వెతికితే బురద తప్ప ఏమీ లేదు. ఆ గొడవలో చిప్ప ఏమైందో ఎవరూ చూడలేదు. పోటు తిరిగి ఉంటుందిలే అన్నారు, ఆమె కూడా సరేననుకుంది.

పాము వచ్చాక ఎలుకలు పోయాయి, ఒంటరితనం మాత్రం పోలేదు. మొగుడున్నప్పుడు అతని గురకని తిట్టిపోసేది. ఇప్పుడు ఆ గురక లేకే నిద్ర పట్టడం లేదు. వంట చేస్తూ, చేప తోముతూ పాముతోనే మాట్లాడేది. ఒక సాయంత్రం నోరు జారింది.

"ఇక దిగు, మరీనో."

పాము దిగింది. ఊయల మంచంలో ఆమె కాళ్ళ దగ్గర చుట్టుకుంది. దొమింగాస్ వెక్కి వెక్కి ఏడ్చి, చాలాకాలానికి హాయిగా నిద్రపోయింది. అప్పటినుంచి రోజూ పిలిచేది. ఈ మధ్య దాని బరువు బాగా పెరిగింది. తెల్లారేసరికి దుప్పటి కొస తడిసి, బురద వాసన వేసేది. తొట్టిలో మునిగొచ్చిందిలే అనుకునేది.

శుక్రవారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. పట్టపగలే చీకటి కమ్మింది. ఆ వానలో పడవ వేసుకుని పక్కింటి ఫిలోమెన వచ్చింది, చంకలో గోనెచుట్టతో.

"వదినా, తిట్టు, కొట్టు, నీ ఇష్టం. మా ఆయన నీ పామును చంపేశాడు."

"ఏ పాముని?"

"నీదే. ఆదివారం మా కోళ్ళగూట్లో దూరింది. చూసుకోకుండా నరికేశాడు. చెప్పడానికి మొహం చెల్లక ఇన్నాళ్ళూ..."

దొమింగాస్ పకపకా నవ్వింది. "పోవే పిచ్చిదానా! రాత్రి కూడా నా కాళ్ళ దగ్గరే పడుకుంది. మరీనో అనగానే దిగొచ్చింది."

ఫిలోమెన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమని... ఏమని పిలిచావు వదినా?"

గోనె విప్పింది. ఎండిన పాము తోలు. చివర మొండి తోక.

కప్పు మీద వాన. కింద కర్రల మధ్య నీళ్ళు. ఆ రెండింటి నడుమ, దూలాల మీద... ఏదో బరువుగా పక్కకి ఒత్తిగిలింది.

"పైకి చూడకు," గుసగుసగా అంది ఫిలోమెన. "మా ఇంటికి పోదాం పద. నేను పడవ పట్టుకుంటాను."

నిచ్చెన దిగి పడవ దగ్గరికి వెళ్ళింది. దొమింగాస్ కండువా తీసుకుంది. గడప మీద ఒక కాలు పెట్టింది.

వెనక తొట్టిలో నీళ్ళు కదిలాయి.

తిరిగి చూసింది. తొట్టిలో ఒక సొరబుర్ర చిప్ప మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది. నాచు పట్టింది. మధ్యలో కరిగిన కొవ్వొత్తి. ఒత్తి కొస ఇంకా ఎర్రగా ఉంది...

"వదినా! వస్తున్నావా?"

ఫిలోమెన ఇంట్లో పిల్లలు, దీపం, కబుర్లు. అవన్నీ ఎన్నాళ్ళు? మళ్ళీ ఈ గుమ్మంలోకే రావాలి. ఒక్కతే. పైనున్న దానికంటే ఆమెకు ఈ భయమే ఎక్కువ.

అప్పుడు పైనుంచి వినిపించింది. గురక. గొంతులో నీళ్ళు నిండినట్టు... తడిగా... తెలిసిన గురక.

దొమింగాస్ తలుపు మూసి గడియ పెట్టింది. బయట ఫిలోమెన పిలుస్తూనే ఉంది. ఊయలలో పడుకుని, కళ్ళు మూసుకుని, రోజూలాగే కాళ్ళు ముడుచుకుని చోటిచ్చింది.

గురక ఆగింది. దూలం కిర్రుమంది.

ఈసారి బరువు కాళ్ళ దగ్గర కాకుండా ఆమె తల పక్కన దిగింది.