లాభం, రెండు, మూడు

అనకాపల్లి మార్కెట్ రోడ్డులో ఆ రోజు పొద్దున్న కొబ్బరికాయల లారీ ఒకటి దారికి అడ్డంగా ఆగకపోయి ఉంటే, స్టీవెన్ బంతి విసరడంలో తనంతటి క్వార్టర్‌బ్యాక్ జిల్లాలో మరొకడు లేడనే నమ్మకంతో హాయిగా డిగ్రీ పూర్తిచేసుకునేవాడు.

బండి హారన్ కొట్టాడు. లారీ పక్కన నిలబడ్డ అమ్మాయి తిరిగి చూడలేదు. చున్నీ నడుముకి బిగించి కట్టుకుని, జంట జంటగా కాయలు పైకి విసురుతోంది.

"లాభం... రెండు... మూడు..."

ఆ మార్కెట్లో ఏ లెక్కయినా లాభంతోనే మొదలవుతుంది, ఒకటి అనరు. అది స్టీవెన్ చిన్నప్పటి నుంచీ వింటున్నదే. వింతల్లా లారీ మీదున్న మనిషి. ఆయన కాయల వైపు చూడనైనా చూడటం లేదు. అటు తిరిగి సర్దుకుంటూ, ఆమె అంకె పలికినప్పుడల్లా ఇటు తిరిగి చేతులు చాపుతున్నాడు. కాయలు వచ్చి చేతుల్లో పడుతున్నాయి.

స్టీవెన్ మళ్ళీ హారన్ కొట్టాడు.

"ఏటండీ ఆ గోల?" అంది ఆ అమ్మాయి. "లెక్క తప్పితే మొత్తం దింపి మళ్ళీ ఎక్కించాలి. మీరొచ్చి దింపుతారా?"

సమాధానం వెతుక్కునే కంగారులో బండికి తగిలించిన సంచీ జారి, అందులోని బంతి దొర్లుకుంటూ ఆమె కాళ్ళ దగ్గరికి పోయింది. ఆమె తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేటి, పీచు తీసిన కాయలాగున్నాది."

"అమెరికన్ ఫుట్‌బాల్. ఇచ్చేయండి, అది అందరికీ విసరడం రాదు."

"అలాగా. అయితే ఆ టీ కొట్టు కాడికెళ్ళి నిలబడండి."

పాతిక అడుగుల దూరం. నవ్వుకుంటూ వెళ్ళి నిలబడ్డాడు. బంతి గిర్రున తిరుగుతూ, రెండు ఆటోల మీంచి తిన్నగా వచ్చి గుండెకి తగిలింది. సాయంత్రం దాకా అక్కడ నొప్పి తగ్గలేదు. అది ఒక్క బంతి వల్లేనా అని అతన్ని అడిగినవాళ్ళు లేరు.

పేరు సుజి అనీ, తమ కాలేజీలోనే బీకాం అనీ, లారీ మీదున్నాయన లోడింగు మేస్త్రి వరదానం, ఆమె నాన్న అనీ మర్నాటికి తెలుసుకున్నాడు. మనుషులు దొరకనప్పుడల్లా కాలేజీకి ముందు తండ్రికి సాయం చేస్తుందట.

వాళ్ళ కాలేజీది అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి ఆడే జట్టు. మీద పడి పడగొట్టడం ఉండదు. నడుముకి వేలాడే రిబ్బను లాగేస్తే చాలు, ఆట ఆగుతుంది. బంతి అందుకుని, ఎవరికి విసరాలో క్షణంలో తేల్చి విసరడం క్వార్టర్‌బ్యాక్ పని. మూడేళ్ళుగా ఆ పని స్టీవెన్‌ది. ఈసారి కాలేజీల పోటీలో గెలిచిన జట్టు క్వార్టర్‌బ్యాక్‌ని రాష్ట్ర జట్టు శిబిరానికి పిలుస్తారు. వాళ్ళమ్మ పుష్పకుమారి అప్పుడే వీధి మలుపులో కొడుకు నిలువెత్తు బొమ్మతో 'మా క్వార్టర్‌బ్యాక్' అని ఫ్లెక్సీ కట్టించేసింది.

అయినా సుజిని గ్రౌండుకి తీసుకొచ్చింది స్టీవెనే. పీడీ త్రినాధరావు సర్ "రెడీ, సెట్, హైక్" అంటూ బంతి విసరడం నేర్పారు. ఆమె విసిరిన బంతి ఒకటి గోడకి తగిలింది, ఇంకొకటి సర్ టోపీకి. అందరూ నవ్వారు. స్టీవెన్‌కి మాత్రం నవ్వు రాలేదు. ఊరుకుంటే తన చోటు తనకే ఉంటుంది. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

"సర్," అన్నాడు చివరికి, "ఆ మాటలు ఆమెవి కావు. ఆమె లెక్క ఆమెని పెట్టుకోనీండి." అని పరుగందుకున్నాడు.

"లాభం, రెండు, మూడు" అంది సుజి. బంతి మైదానం ఆ చివర పరిగెడుతున్న స్టీవెన్ చేతుల్లో పడింది.

"ఇకమీదట క్వార్టర్‌బ్యాక్ సుజి, సర్. నేను పట్టుకుంటాను."

ఆటయ్యాక సుజి అతన్ని నిలదీసింది. "మీ చోటు నాకెందుకు? మీ అమ్మగారు ఫ్లెక్సీ కూడా కట్టించేరు."

"ఫ్లెక్సీ కడితే బంతి తిన్నగా వెళ్ళిపోద్దేటి?"

ఆ మాట తేలిగ్గానే అన్నాడు గానీ, ఆ రాత్రి ఫ్లెక్సీ ఉన్న మలుపు తప్పించి చుట్టుదారిన ఇంటికెళ్ళాడు.

తంటా అక్కడితో అయిపోలేదు. పరిగెడుతూ పరిగెడుతూ స్టీవెన్ ఆమె మూడు అనకముందే తిరిగి చూసేవాడు. అడుగు తడబడేది, బంతి దాటిపోయేది.

"మా నాన్న ఎప్పుడైనా కాయ కేసి సూసేడా?"

"ఆయన మీ నాన్న."

"నమ్మడానికి సుట్టరికం ఉండాలేటి?"

స్టీవెన్ బంతి తెచ్చి ఆమెకిచ్చి, మళ్ళీ పరుగు మొదలెట్టాడు.

ఫైనల్లో అయిదు పాయింట్లు వెనకబడ్డారు. బంతితో గీత దాటితే ఆరొస్తాయి, మిగిలింది ఒక్క అవకాశం. గట్టు మీద వరదానం తలపాగా విప్పి చేత్తో నలుపుతున్నాడు. పక్కనే పుష్పకుమారి ముఖం ముడుచుకుని కూర్చుంది.

బంతి సుజి చేతికొచ్చింది. "లాభం," అని ఆమె గొంతు వినిపించింది. స్టీవెన్ పరుగు తీశాడు. "రెండు." మెడ వెనక్కి లాగుతోంది. తిరగలేదు. బంతి రాకపోతే మూడేళ్ళ కష్టం గంగపాలే, అయినా తిరగలేదు.

"మూడు."

తిరిగి చేతులు చాపాడు. బంతి అప్పటికే అక్కడుంది. గీత దాటేశాడు.

మైదానమంతా సుజి పేరే. మైకులో రాష్ట్ర శిబిరానికి ఆమెను పిలుస్తుంటే, తనకి రాని ఆ పిలుపు వింటూ స్టీవెన్ ఛాతీ పొంగిపోయింది. ఆ బంతి పట్టింది నేనే అని కనిపించినవాళ్ళందరికీ చెప్పాడు.

మర్నాడు మార్కెట్లో స్టీవెన్ కట్టించిన కొత్త ఫ్లెక్సీ వెలిసింది. నిండా సుజి బొమ్మ, 'మా క్వార్టర్‌బ్యాక్' అని. అడుగున శుభాకాంక్షలు చెప్పేవాళ్ళ వరసలో పోస్టల్ స్టాంపంత స్టీవెన్.

"మీ అమ్మగారు ఏటన్లేదా?" అంది సుజి లారీ పక్కన నిలబడి.

"అక్షరాలు సరిచూసింది ఆవిడే. నా బొమ్మ ఇంకాస్త పెద్దది వెయ్యమంది. నేనే వద్దన్నాను."

సుజి చేతిలో కాయలు కింద పెట్టింది. "అటు తిరిగి నిలబడు," అంది. మొదటిసారి 'నువ్వు' అయ్యాడు.

"ఎందుకూ?"

"నమ్మకం లేదా?"

తిరిగాడు.

"లాభం... రెండు... మూడు."

అలవాటుగా తిరిగి చేతులు చాపాడు. ఆమె చెయ్యి వచ్చి వాటిలో పడింది.

"నువ్వంటే నాకిష్టం," అంది సుజి. "పాతిక అడుగుల కాడి నించీ."

"నాకు సాయంత్రం దాకా నొప్పెట్టింది, నీకు తెలీదు."

లారీ పైనుంచి దగ్గు వినిపించింది. ఇద్దరూ చేతులు వదిలేసుకున్నారు.

"ఒరే బాబూ," అన్నాడు వరదానం, "ఆదోరం చర్చి అయ్యేక మీ అమ్మగారిని ఇంటికి తీసుకురా. ఈలోగా కిందున్న కాయలు నువ్వెయ్యి. మా అమ్మి లెక్కెడతాది."

స్టీవెన్ రెండు కాయలు తీసుకుని తలెత్తి చూశాడు. సుజి తప్ప వేరెవరు విసిరినా వరదానం చూడకుండా పట్టడని మార్కెట్లో అందరికీ తెలుసు.

ఆయన అటు తిరిగి, సర్దుకోవడంలో పడిపోయాడు.

"లాభం," అంది సుజి.