నాన్న దాటేసిన పేజీ

ఉదయం ఎనిమిదింటికి నాన్న కుర్చీ లాగిన చప్పుడు వినగానే కూతురు పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది. ఏడేళ్లుగా అదే పద్ధతి. కళ్లు కనిపించని ఆమె బ్రెయిలీ నోట్‌టేకర్ అనే, ఉబ్బెత్తు చుక్కలతో రాసి చదివే చిన్న మెషీన్ మీద అనువాదాలు రాస్తుంది. ఆ ఫైలు మామూలు కంప్యూటర్లలో తెరుచుకోదు. ఆయన దాన్ని వర్డ్ ఫైలుగా మార్చి పంపుతాడు. ముప్పై ఏళ్లు తాళాలు, గొళ్లేలు అమ్మిన మనిషి. సరుకు బయటికి వెళ్లే దారి ఒక్కటే అయితే, ఆ దారిలో కూర్చున్నవాడే కొట్టు యజమాని అని ఆయనకు తెలుసు.

"నిన్నటి పరీక్ష ఫైలు వెళ్లిందా నాన్నా?"

"ఎప్పుడో వెళ్లింది."

ఆ పరీక్ష నెగ్గితే వేరే ఊళ్లో అనువాదకురాలి ఉద్యోగం, ఉండటానికి గది కూడా ఇస్తారు. ఈ ఇంట్లో ఆమె గది నుంచి వంటింటికి పదకొండు అడుగులు, గుమ్మానికి ఇరవై రెండు. ఇరవై మూడో అడుగు ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుంటేనే.

పదకొండుంపావు దాటాక ఆ ఉద్యోగమిచ్చే ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. మాట్లాడినావిడకూ చూపు లేదు.

"ఇక్కడి కంప్యూటర్లలో మీ ఫైలు తెరుచుకోలేదమ్మా. బ్రెయిలీ ఫైలు అలాగే పంపేశారు. పన్నెండులోపు వర్డ్‌లో పంపండి."

"మా నాన్నగారు మార్చి పంపుతారండీ."

"ఆయనెందుకు? నాదీ అదే మెషీన్. సేవ్ చేసేటప్పుడు ఏ రకం ఫైలు కావాలో మనమే ఎంచుకోవచ్చు. మాన్యువల్‌లో ఉందిగా."

మాన్యువల్ అచ్చు పుస్తకం. మెషీన్ కొన్నప్పుడు మూడు రోజులు కూర్చుని నాన్నే చదివి వినిపించాడు.

"నాన్నా, ఫైలు రకం మార్చుకునే పేజీ ఉందట. నువ్వు చూశావా?"

"చూశాను."

"మరి నాకు చదవలేదే?"

"అదొక్కటీ దాటేశాను."

వంటింట్లో అమ్మ గిన్నెల చప్పుడు ఆగింది.

"నిన్న ఫైలు మార్చకుండా పంపింది కూడా తెలిసేనా?"

"అదీ తెలిసే. నీకేం తక్కువ చేశామమ్మా, ఊరు కాని ఊరు పోవడానికి?"

"తక్కువ చెయ్యలేదు. తాళాలమ్మినవాడివి, నువ్వే చెప్పు. లోపలివాళ్లకి తాళంచెవి లేకుండా బయట వేసే తాళం దేనికి నాన్నా?"

"నన్నడుగు, నేను చెబుతా," అంది అమ్మ గుమ్మంలోకి వచ్చి. "కొట్టు మూసినా ఈయన బుద్ధి మాత్రం కౌంటర్ దిగలేదు."

"నువ్వూరుకో," అన్నాడాయన. గొంతులో పట్టు లేదు. "కొట్టు మూశాక పొద్దున్నే నాతో పని ఉన్నది దీనొక్కదానికే. అదీ పోతే నేనీ కుర్చీలో ఎందుకు కూర్చోవాలి?"

కూతురు మెషీన్ దగ్గరికి లాక్కుని ఫైలు తెరిచి, సేవ్ చేసే చోటికి వెళ్లింది. రకాల జాబితా చుక్కలై వేళ్ల కిందికి లేచింది. మూడోది వర్డ్. ఏడేళ్లు అది రెండు మీటల దూరంలోనే ఉంది. ఆమె దాన్ని ఎంచుకుంది, సేవ్ చేసింది, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఆయన ముందు పెట్టింది.

"మెయిల్ ఈ మెషీన్ నుంచి నేనే పంపుతాను. తెరుచుకుంటుందో లేదో మాత్రం చూసి చెప్పు."

గడియారంలో పదకొండూ నలభై. ఆయన కంప్యూటర్ తెర మీద మొదటి పేజీ పరుచుకుంది. తెరుచుకోలేదు అని ఒక్క మాటంటే చాలు, పన్నెండు దాటిపోతుంది. ఆమె తనంతట తాను సరిచూసుకునే వీలు లేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని ఆమెకూ తెలుసు. అయినా ఆయన్నే అడిగింది.

ఆయన అన్ని పేజీలూ చివరిదాకా చూశాడు.

"తెరుచుకుందమ్మా," అన్నాడు. "మూడో పేజీలో రెండో పేరా మధ్యలో విరిగింది. అది కలిపి పంపు."

ఆమె కలిపింది. పంపింది. అప్పటికి పన్నెండుకు ఇంకా ఆరు నిమిషాలున్నాయి.

"నాన్నా, ఆ మాన్యువల్ ఉందా?"

ఆయన లేచి బీరువా పైనుంచి తీసి దుమ్ము దులిపాడు. ఆ పేజీ వెతకక్కర్లేకపోయింది. ఏడేళ్ల కిందట మడిచిన మూల ఇంకా అలాగే ఉంది.

"చదువు."

కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకుని, ఒక్క అక్షరం వదలకుండా చదవడం మొదలుపెట్టాడు.