ఊళ్లో లేని అత్తగారు

"ఏటి స్వర్ణా, ఆ ముసలమ్మని ఇంకెన్నిసార్లు కాశీ పంపుతావు?"

కాఫీ గింజలు ఆరబోస్తున్న స్వర్ణ ఉలిక్కిపడి తలెత్తింది. అరకు చలికి ఎర్రబడ్డ ముక్కుతో, చేతిలో ఫోన్‌తో తరుణ్ కళ్లంలోకి వచ్చేశాడు.

ఫోన్‌లో వారంవారం వచ్చే ఒక సీరియల్లో కొండ పిల్ల మేఘన, కింది ఊరి ఆర్య ప్రేమించుకుంటారు. ఆ ఇద్దరి మీద స్వర్ణ సొంతంగా కథలల్లి, ఫ్యాన్‌ఫిక్షన్ పేరుతో పోస్ట్ చేస్తుంది. పేరుకే మేఘన గానీ, నవ్వితే పడే సొట్టలు స్వర్ణవే. ఈమధ్య ఆర్యకి కూడా తరుణ్ కళ్లజోడు వచ్చేసింది.

"ఒక కథలో కాశీ. ఇంకో దాంట్లో మోకాళ్ల ఆపరేషన్. మొన్నయితే కొడుకు పెళ్లిలోనే నిద్రపోయింది! ఆర్య తల్లి మేఘన ఇంటికి ఎప్పుడొస్తాది?"

"నా కథ, నా ఇష్టం. రీడర్స్‌కి రొమాన్స్ కావాలి, అత్తగార్లు కాదు."

"రీడర్స్‌కా, నీకా?"

స్వర్ణ తల దించుకుని గింజలు కలియబెట్టింది. కాఫీ సొసైటీ ఉద్యోగానికి కొండ కింద చోడవరం నుంచి వచ్చిన ఈ కుర్రాణ్ని పెళ్లాడాలని ఆమెకు ఎంతో ఉంది. కానీ పనిమీద కొండెక్కే కింది ఊళ్ల పెద్దమనుషులు నీళ్ల సీసాలు వెంట తెచ్చుకోవడం, తన తల్లి గంగ అందించిన చెంబు ముట్టకుండా "దాహం లేదమ్మా" అనడం చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది. తరుణ్ తల్లి కూడా ఆ మాటే అంటే? ఆ సీన్ కథలో రాయడానికి కూడా ఆమెకు చెయ్యి రాలేదు.

"మా అమ్మ ఆదివారం వస్తంది. కాశీ పంపడం నా వల్ల కాదు" అనేసి వెళ్లిపోయాడు తరుణ్.

అన్నట్టే ఆదివారం తరుణ్‌తో పాటు అతని తల్లి అసిరమ్మ వచ్చింది. స్వర్ణ వాళ్ల ఊళ్లో సంబంధానికి వచ్చినవాళ్లకు ముందు చోడి అంబలి, అంటే రాగి జావ, ఇస్తారు. అది తాగాకే మాటలు మొదలవుతాయి. గంగ అంబలి ముంచబోతుంటే స్వర్ణ చెయ్యి పట్టుకుని ఆపేసింది. షాపు నుంచి తెచ్చిన బిస్కట్ ప్యాకెట్టు, సీలు తియ్యని వాటర్ బాటిలూ ట్రేలో పెట్టుకుని వెళ్లింది.

అసిరమ్మ మొహం మాడిపోయింది.

"ఏట్రా తరుణూ, ఇంట్లో నీళ్లు మనకి పొయ్యరా? ఇష్టం లేదని సెప్పడమా ఇది?"

"అయ్యో, కాదండీ!" స్వర్ణ గబగబా తల అడ్డంగా ఊపింది. "మీరు... మా ఇంట్లో తాగరేమోనని..."

అసిరమ్మ ఆ బాటిల్‌ని పక్కకు నెట్టేసింది.

"నిజం సెప్తన్నాను. మా అత్త అయితే తాగేది కాదు. బస్సెక్కిన కాణ్నుంచీ నేనూ అదే ఆలోసించినాను, తాగగలనా అని. ఎలాగో మనసు గట్టి సేసుకుని వస్తే నువ్వు బాటిలెడతావేటి? బేగి తే గుంటా, ఆకలేస్తంది."

గంగ ఇచ్చిన అంబలి గ్లాసును స్వర్ణ రెండు చేతులా అందించింది. అసిరమ్మ ఒక గుక్క తాగి ఆగింది.

"ఉప్పు సాల్లేదు కోడలా."

స్వర్ణకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చేశాయి. ఇన్నాళ్లూ మోసిన భయం ఆ ఒక్క వంకతో దిగిపోయింది. కళ్లు తుడుచుకుంటూ ఉప్పు కోసం లోపలికి పరుగెత్తింది.

"నాకూ ఓ గ్లాసు!" వెనకనుంచి అరిచాడు తరుణ్.

"ఆగు. ముందు అత్తకి!"