అంబిక వాయించే స్వరం

లంచ్ అయ్యాక మ్యూజిక్ రూములో చైత్ర గిటార్‌ను గట్టిగా మీటింది. ఎ నైన్త్! వేళ్లు కందిపోయేదాకా సాధించిన జాజ్ కార్డ్ అది. ఐదు తీగలు, ఐదు స్వరాలు, అన్నీ ఒకేసారి పలుకుతాయి. అబ్బో, అప్పుడు చైత్ర మొహం చూడాలి!

"బాగుంది చైత్రా. కానీ రూట్ నువ్వెందుకు వాయిస్తావు?" అన్నాడు తేజస్ సార్. "కార్డ్‌కు పునాదిగా ఉండే స్వరం అది. దాన్ని అంబిక బేస్ గిటార్‌లో వాయిస్తాది కదా. ఇద్దరూ అదే వాయిస్తే గజిబిజి అయిపోతాది. నువ్వు ఆ పై తీగ వదిలేసి, కింది నాలుగు తీగలే మీటు."

చైత్రకు ఒళ్లు మండింది. అంత కష్టపడి నేర్చుకున్నది వదిలెయ్యాలా?

"అన్నీ నా కార్డ్‌లోనే ఉండాయి సార్. అంబిక టుం టుం అని ఒక్కొక్కటే కదా వాయించేది! అది లేకపోయినా నడుస్తాది."

అంబిక బేస్ గిటార్ వైరు పీకి, చుట్టి పెట్టి, బయటికి వెళ్లిపోయింది.

"అనరాని మాట అన్నావు. పోయి సారీ చెప్పు" అన్నాడు సార్.

రేపు చెప్దాంలే అనుకుంది చైత్ర. మర్నాడు స్కూల్ డే, వాళ్లు స్టేజీ మీద పాట వాయించాల్సిన రోజు. అంబిక రాలేదు.

సాయంత్రం స్టేజీ మీద చైత్ర ఐదు తీగలూ మీటింది. ఎంత గట్టిగా మీటినా పాట డొల్లగానే వినిపించింది. అయినా అందరూ చప్పట్లు కొట్టారు. చైత్రకు మాత్రం ఏడుపొచ్చింది. అంబిక తొలిసారి స్టేజీ ఎక్కాల్సిన రోజు అది. ఆ రోజు ఇక తిరిగి రాదు.

మర్నాడు పొద్దున్నే గిటార్ భుజాన వేసుకుని, పాత యలహంకలోని అంబిక ఇంటికి వెళ్లింది. అంబిక అవ్వ నంజమ్మ తలుపు తీసింది.

"రామ్మా. మా పాప స్టేజీ ఎక్కుతాదని వీధంతా చెప్పింటిని. కడుపునొప్పి అని పండుకునేసింది పాపం."

"కడుపునొప్పి కాదవ్వా. అంబిక లేకపోయినా నడుస్తాదని అందరి ముందరా నేనే అన్నాను" అంది చైత్ర.

లోపలి నుంచి అంబిక వచ్చింది. చైత్ర వైపు చూడలేదు.

"సారీనే అంబికా."

"ఇప్పుడెందుకు? అంతా అయిపోయింది కదా."

చైత్ర గడప దగ్గరే కూర్చుని ఎ నైన్త్ పట్టింది. కింది నాలుగు తీగలే మీటి ఆగింది. మళ్లీ మీటి ఆగింది.

"రూట్ నీది" అంది మెల్లగా.

అంబిక వచ్చి పక్కన కూర్చుని, చైత్ర వదిలేసిన తీగను ఒక్క వేలితో మీటింది. చైత్ర వెంటనే నాలుగు తీగలూ గట్టిగా మీటింది.

"అంత గట్టిగా కొట్టద్దే. నాది వినబడాల" అంది అంబిక.

చైత్ర తలూపింది. ఈసారి అంబిక మీటేదాకా ఆగి, ఆ స్వరం పూర్తిగా విని, ఆ తర్వాతే తన తీగలను మెల్లగా తాకింది.