ఆడబిడ్డ రాసిచ్చిన చేను

"వద్దు వదినా... ఆ చేను నాకొద్దు!"

కళ్యాణదుర్గం రిజిస్ట్రారాఫీసు ఎదురుగా, దస్తావేజులు రాసే యేసన్న గదిలో ఈశ్వరి చేతులు జోడించి నిలబడింది. ఆడబిడ్డ తిమ్మక్క గిరుక్కున ఆమె వైపు తిరిగింది. తమ్ముడి భార్య కదా అని కన్నకొడుకును కూడా కాదని, కంబదూరు నుంచి మొదటి బస్సుకు వచ్చి, తన పుట్టింటి వాటా రెండెకరాలూ రాసిస్తుంటే... వద్దంటుందా!

"ఏమే, నా చేను నీకు పనికి రాకపోయెనా?" తిమ్మక్క గద్దించింది. "నా కొడుకు దేవేంద్ర ఆ రాయి తవ్వే కంపెనీ వాళ్ళతో మాట్లాడుకోని సిద్ధంగా ఉండాడు. నేను పోతే మర్నాడే రాసిస్తాడు. మా తమ్ముని సమాధి ఆడుండాదనే కదా, నీకిస్తాండేది!"

ఈశ్వరికి దుఃఖం ఆగలేదు. ఆ ప్రాంతంలో చనిపోయినవాళ్ళను సొంత చేలోనే పూడ్చిపెట్టుకుంటారు. పొలం అక్కాతమ్ముళ్ళు నోటిమాటగా పంచుకున్నదే గనుక, ఈశ్వరి భర్త బయ్యన్న పోయినప్పుడు ఇది ఎవరి వాటా అని ఎవరూ చూడలేదు. అతను కోరుకున్న వేపచెట్టు కిందే పెట్టారు. అది తిమ్మక్క వైపు పడింది. ఈశ్వరి వైపు మిగిలినవన్నీ బండలే. గింజ పండని ఆ బండల్ని పోయినేడు ఇరవై ఏళ్ళకు కంపెనీకి లీజుకిచ్చింది. వేలిముద్ర వేయలేదు, పేజీపేజీకీ సంతకం చేసింది! ఊళ్ళో ఆ మాట నలుగురికీ చెప్పుకుని మురిసిపోయింది కూడా. సంతకం రావడం వేరు, చదవడం వేరు అని అప్పుడు ఎవరు చెప్పారు?

ఇందాక హద్దులు రాసుకోవడానికి యేసన్న ఆ లీజు కాగితాలు అడిగాడు. ఆరో పేజీ దగ్గర ఆగి, కళ్ళజోడు సవరించుకుని పైకి చదివాడు. 'ఈ సర్వే నంబరులో ఈశ్వరికి ఇప్పుడున్న భాగమే కాక, ఇకముందు ఏ విధంగా సంక్రమించిన భాగమైనా ఈ లీజుకే చెందును...' ఈశ్వరికి అర్థమైంది గానీ, ఆ దస్తావేజు భాష తిమ్మక్కకు అంతుపట్టలేదు.

"అర్థమైందా వదినా? నా పేరు మీదికొస్తానే అది వాళ్ళ చేతికి పోతాది! మిషన్లు నేరుగా ఆయన మీదికే వస్తాయి. ఆ రెండెకరాల మీద నాకు ఎంత ఆశ ఉండాదో ఆ దేవునికి తెలుసు... అయినా వద్దు. నేను చదవకుండా చేసిన తప్పుకు ఆయన్ను రెండోసారి చంపుకోలేను!"

తిమ్మక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. ఈ పిల్ల ఇదంతా చెప్పకుండా చేను రాయించుకుని ఊరుకుంటే ఎవరు అడిగేవారు? లీజు దుడ్లు రెట్టింపయ్యేవి.

"ఏమప్పా యేసన్నా, ఇంకెవురికన్నా రాస్తే?"

"రాయొచ్చు అక్కా. రాయికి ఆశపడని వాళ్ళను నువ్వే చూపియ్యి."

తిమ్మక్క ఆలోచించింది. ఎవరూ తోచలేదు.

"నేను బతికినన్నాళ్ళు అది ఎవురిది?"

"నీదే. నువ్వు సంతకం పెట్టందే ఎవుడూ గునపం దించలేడు."

"అట్లయితే నేను రాసిచ్చే ఆ కాగితాలు చించేయప్పా." తిమ్మక్క లేచింది. "ఈశ్వరీ, ఈ పొద్దు నుంచి నేను మీ ఇంట్లోనే ఉంటా. దేవేంద్ర పక్కన ఉంటే ఎప్పుడో ఒకప్పుడు నా చేత సంతకం పెట్టిస్తాడు. కొడుకు ఏడిస్తే తల్లి చెయ్యి ఊరికే ఉండదు."

"నా కోసం కొడుకును, ఇంటిని వదిలేసుకుంటావా వదినా!"

"చేతికొచ్చిన చేను నువ్వు వదిలేసుకోలేదా? ఊరికే ఏడవద్దు, పద."

బయట ఎండ మండిపోతోంది. బస్టాండు దారి పట్టిన తిమ్మక్క మందుల షాపు ముందు ఆగింది. ఎన్నాళ్ళు బతకాలని ఈ మందులు అంటూ ఆరు నెలలుగా బీపీ మాత్రలు మానేసిన మనిషి... కొంగుముడి విప్పి, నలిగిన చీటీ తీసి, లోపలికి అందించింది.

"ఇవి మూడు నెలలకు ఇయ్యప్పా. తప్పకుండా వేసుకోవల్ల."